తాడు ఎవరి చేతికివ్వమంటావు?

ఒరే నాంచారయ్యా,

బాగున్నావా? నువ్వు పోయి పద్నాలుగు నెలలయింది. కృష్ణలంకలో అంతా బాగానే ఉన్నాం. మీ అక్క నడుం నొప్పి అలాగే ఉంది. నా చెవుడు ఇంకొంచెం ముదిరింది. నీ కూతురు నాగమణి నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకుని రాస్తున్నా. నాది రాత్రిబడి చదువు, ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకో.

నీతో ఒక పని పడింది. వచ్చే గురువారం మా శీను, అదే నీ అల్లుడు, మునిగిన పడవ కోసం మళ్ళీ నదిలోకి దిగుతున్నాడు. పైన వాడి తాడు ఎవరు పట్టుకోవాలో తేలట్లేదు. అది తేల్చాల్సింది నువ్వే. దానికంటే ముందు మనకి పాత తగువు ఒకటుంది. అది అడక్కుండా నా కలం ముందుకి పోదు.

ఇరవై ఏడేళ్ళ కిందట పదిమందిలో నన్ను పైకి ఎందుకు లాగావురా?

మర్చిపోయానంటే ఊరుకోను. ఇబ్రహీంపట్నం దగ్గర మునిగిన లాంచీ. ముప్పై అడుగుల లోతు, అడుగున మోకాలి దాకా బురద. మూత తీసిన నలభై డ్రమ్ములు నీళ్ళలో ముంచి, మూతి కిందికి ఉండేట్టు లాంచీకి రెండు పక్కలా కట్టింది ఎవరు? నేను. ఒక్కోదాని మూతిలో కంప్రెసరు గొట్టం పెట్టి, గాలి వదిలి, లోపలి నీళ్ళు బయటికి తోలింది ఎవరు? నేను. మూడు రోజులు పట్టింది. ముప్పై ఎనిమిది నిండాయి. ఇంకా రెండు. రెండంటే రెండు! గొట్టం పట్టుకుని తర్వాత దాని దగ్గరికి పోతున్నా... నడుముకున్న తాడు గుంజుకుంది. లాగమని నేను సైగ చెయ్యలేదు. అయినా ఆగలేదు నువ్వు. నూతిలోంచి బొక్కెన తోడినట్టు తోడేశావు.

పైకొచ్చి నోటికొచ్చిందల్లా తిట్టాను. రేవు నిండా జనం. నువ్వు ఏమన్నావు? "చెయ్యి అలా అంది బావా." అంతే! ఆ పూట మళ్ళీ దిగనివ్వలేదు. తాడు చుట్ట చుట్టి దాని మీదే కూర్చున్నావు, నేను లాక్కుంటానని.

లాంచీ ఆసామికి మండింది. మర్నాడు బందరు వైపు నించి వేరే ముఠాని దించాడు. వాళ్ళు ఆ మిగిలిన రెండింటికీ గాలి పట్టించారు, లాంచీ తేలింది. దండలు వాళ్ళ మెళ్ళో పడ్డాయి. పేపర్లో ఫోటో వాళ్ళది. నేను ఒడ్డున జనంలో నిలబడి చూశాను. పక్కనున్నవాడెవడో చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిన్ను ఊరికే వదల్లేదనుకో. మా శీనుకి నీ నాగమణిని చేసుకున్న రోజున, పీటల దగ్గర నువ్వు వాడి కాళ్ళు కడుగుతుంటే కూడా వంగి నీ చెవిలో అడిగాను, ఆ రెండు డ్రమ్ముల సంగతి ఇప్పుడైనా చెప్పమని. పళ్ళెం వంక చూస్తూనే అన్నావు. "అల్లుడి కాళ్ళు కడుగుతున్నా బావా. నీకూ కడగాలంటే వరసలో రా, ముందు పక్కకి జరుగు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ లోపల ముల్లు అలాగే ఉంది.

సరే. ఇక ఈ మధ్య ఏం జరిగిందో చెప్తా.

నువ్వు పోయాక వచ్చిన వరదకి రెండు ఇనప పడవలు కట్లు తెంపుకుని కొట్టుకొచ్చి, వెంకటపాలెం ఎదురుగా మునిగాయి. నీళ్ళు తగ్గాక వాటిని తీసే పని శీనుకి వచ్చింది. క్రేను రేవు దాకా కూడా దిగలేకపోయింది, ఇసకలో కూరుకుంది. అప్పుడు గుర్తొచ్చాయి వీళ్ళకి మన డ్రమ్ములు!

చూడ్డానికొచ్చిన ఇంజినీరు కుర్రాడు మర్యాదగానే అడిగాడు, ఇన్ని టన్నుల ఇనుముని ఖాళీ డ్రమ్ములు ఎలా లేపుతాయండీ తాతగారూ అని. నీ మాటే చెప్పాను. "లేపడానికి మనమెవరం? నీళ్ళే లేపుతాయి. గాలున్న దాన్ని కడుపులో ఉంచుకోవడం నీళ్ళకి పడదు, కక్కేస్తాయి. మనం ఆ గాలిని పడవకి గట్టిగా కట్టడమే." ఆ కుర్రాడు ఫోనులో ఎక్కించుకున్నాడు. నీ పేరు చెప్పాను. నాది కాని మాట నాదని చెప్పుకునే రకం కాదు నేను.

చిక్కల్లా తాడు దగ్గరే వచ్చింది.

మన ఇళ్ళల్లో తాడు పట్టాల్సింది పెళ్ళాం తోడబుట్టినవాడు. తండ్రి పట్టకూడదు, అన్నదమ్ములు పట్టకూడదు. ఇది నీకు నేను చెప్పాలా? రోజూ నేను దిగబోయే ముందు నా నడుముకి ముడేస్తూ నువ్వే దెప్పేవాడివి. "నీ మొహం చూసి లాగుతాననుకోకు బావా. మా అక్క పసుపు కుంకాల కోసం లాగుతా. నువ్వు ఆ తాడు చివర ఉన్న గుమ్మడికాయవి."

శీనుకి పెళ్ళాం తోడబుట్టినవాడంటే నీ కొడుకు గోపీ. వాడి సంగతి తర్వాత చెప్తా, అక్కడే ఉంది అసలు తిరకాసు. మొత్తానికి మొదటి పడవకి ఎవరూ లేక నేనే పట్టుకున్నా. తండ్రి పట్టకూడదని తెలిసీ పట్టుకున్నా. వేరేవాడి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పొద్దున పదింటికి... ఇంకా నాలుగు డ్రమ్ములున్నాయి. శీను అడుగున ఉన్నాడు. బుడగలు ఒకే చోట వస్తున్నాయి. అంతా సవ్యంగానే ఉంది. ఉన్నట్టుండి తాడులోంచి ఒక జలదరింపు లాంటిది వచ్చింది. అది శీను కదలిక కాదు. వాడు కదిలితే నాకు తెలుస్తుంది. వాడి వెనకాల ఇంకేదో, చాలా పెద్దది, నిద్దట్లో పక్కకి ఒత్తిగిల్లబోయి ఆగినట్టు...

నేనేమీ ఆలోచించలేదు నాంచారయ్యా. లాగేశాను.

పైకి రాగానే శీను నోట్లో గాలి గొట్టం ఊసేసి నన్ను తిట్టాడు. కన్న తండ్రినని కూడా చూడలేదు. నాలుగు డ్రమ్ములేగా, ఏం కొంప మునిగిందని అరిచాడు. పడవ కదల్లేదు. నది మామూలుగా ఉంది. పనివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. వాడు ఎందుకు లాగావని అడుగుతుంటే నా నోట్లోంచి లాంచీ రోజు నువ్వన్న మాటే వచ్చింది, ఏదో తెలుసా? నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

ఒడ్డుకొచ్చి టీ తాగుతున్నాం. గ్లాసులు సగం కూడా కాలేదు. నది లోపల ఎవరో తలుపు బాదినట్టు చప్పుడయింది. అడుగున బురద పడవని వదిలేసింది. పడవ ముక్కు ముందు లేచింది, ఆ వెనకే ఒళ్ళంతా ఒక్క ఊపున పైకొచ్చి ఎడం పక్కకి ఒరిగిపోయింది. కట్టు తెగిన డ్రమ్ములు గాల్లోకి ఎగిరి పడ్డాయి. ఎడం పక్కనేరా శీను పని చేస్తోంది. ఆ నాలుగు డ్రమ్ములూ అటువైపువే.

శీను గ్లాసు కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. నా చేతులు వణుకుతున్నాయి, ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

ఇంటికెళ్ళి మీ అక్కకి చెప్పాను. అప్పుడు నోరు విప్పింది మహాతల్లి! ఇరవై ఏడేళ్ళు దాచింది. ఆ లాంచీ రోజున నువ్వు మా ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని, తాడులోంచి ఏదో జలదరింపు వచ్చిందని చెప్పావట. తాడు ఒరిపిడికి రెండు అరచేతులూ తోలు లేచిపోయాయట. రెండు రోజులు అన్నం కలుపుకోలేకపోతే మీ అక్కే ముద్దలు పెట్టిందట. నాకు చెబుతానంటే నువ్వు వద్దన్నావట. "చెప్పకక్కా. చెబితే రేపట్నించి ఆయన్తో పాటు భయం కూడా దిగుతుంది. భయపడ్డోడికి నీళ్ళలో ఎంత గాలి పంపినా చాలదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. తిడుతూ దిగేవాడు బాగానే పైకొస్తాడు."

ఇరవై ఏడేళ్ళు నా చేత తిట్లు తిన్నావు, నాకు ఊపిరి చాలాలని! ఏం మనిషివిరా నువ్వు?

మర్నాడు ఆ బందరు వాళ్ళకి ఏమీ కాలేదు కదా అని వాదించొచ్చు నేను. వాదించాను కూడా. వాళ్ళకి కాలేదు కాబట్టి మీకూ అయ్యేది కాదని ఎవరు రాసిచ్చారని అడిగింది మీ అక్క.

తప్పంతా నాదని రాయను. చెప్పకపోవడం నీ తప్పు. తిట్టడం నా తప్పు. సగం సగం.

కానీ ఒకటి రాస్తాను. ఇది నీ ఎదురుగా అనలేను, కాగితం కాబట్టి అంటున్నా. ఆ తర్వాత ఎన్నిసార్లు దిగాను! కాలవల్లో లారీలు, రేవుల్లో బల్లకట్టు లాంటి పంట్లు, పామర్రు అవతల ఆ రొయ్యల చెరువు తూము... దిగిన ప్రతిసారీ పైకొచ్చాను. నా ఊపిరి గట్టిది కాబట్టి వచ్చాననుకున్నా. ఊరంతా అదే అనుకుంది, నేను అనుకోనిచ్చాను. పైన నువ్వు ఎండలో నిలబడి, బీడీ కూడా ముట్టించకుండా, తాడు వంకే చూస్తూ ఉండేవాడివని ఎవడు చూశాడు? నేనే చూళ్ళేదు.

శీను పెళ్ళి చూశాను. మనవరాలిని ఎత్తుకున్నా. మీ అక్క చేతి చేపల పులుసు ఇన్నేళ్ళు తిన్నా. ఇప్పుడు ఈ మోకాళ్ళ నొప్పులు పడుతున్నా. ఆ రోజు లాంచీ కింద పడుంటే మోకాళ్ళు నొప్పి పుట్టేవా? ఇవి కూడా నీ పుణ్యమే. మెట్లెక్కినప్పుడల్లా నిన్ను తలుచుకుంటున్నా, కాస్త తిట్టుకుంటూ అనుకో.

ఇక అసలు సంగతి.

ఆసుపత్రి మంచం మీద ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకుని నువ్వు ఒకటడిగావు. "గోపీ చేతికి తాడు ఇవ్వనని మాటివ్వు బావా. కింద ఉన్నోడిది ఒక చావే. పైన పట్టుకున్నోడు రోజుకి పదిసార్లు చస్తాడు. అది నాతో పోనీ." నేను సరేనన్నా. అప్పుడు నీ మాట నాకు అర్థం కాలేదు, జబ్బు మనిషి కదా అని తలూపేశా. తలూపినా మాట మాటే. నేను మాట తప్పను, అది నీకు తెలుసు కాబట్టే నన్ను అడిగావు.

ఇప్పుడు ఆ మాట నా మెడకి పడింది.

రెండో పడవ మొదటిదానికంటే లోతులో ఉంది, బోర్లా పడి ఉంది. నన్ను తాడు పట్టనివ్వనంటున్నాడు శీను. కోపంతో కాదు. నా చేతులు చూశాడు. కూలికి ఎవణ్ణయినా పెడదామంటే నాగమణి ఒప్పుకోదు. ఎవరూ లేకపోతే తాడు పంటు మీద ఇనప కడ్డీకి కట్టేసి దిగుతానంటున్నాడు వాడు. కడ్డీకేం తెలుస్తుందిరా?

నిన్న గోపీ వచ్చాడు. ఆటోనగర్‌లో తను పనిచేసే షెడ్డులో గురువారానికి సెలవు చెప్పేసి మరీ వచ్చాడు. గాలి పంపే మన కంప్రెసరు విప్పి, కడిగి, బిగించి, చేతులు తుడుచుకుని నా ముందు నిలబడ్డాడు. మావయ్యా, తాడు నాకివ్వండి అన్నాడు. మీ నాన్నకి మాటిచ్చానని చెప్పాను. నాన్న మాట అడిగింది మీ దగ్గర, నా దగ్గర కాదు కదా అన్నాడు. పక్కన నాగమణి ఉంది. మెళ్ళో తాళి పట్టుకుని నా వంక చూస్తోంది. ఆ చూపుకి నేనేం చెప్పాలి?

వాడికిస్తే నీకిచ్చిన మాట పోతుంది. ఇవ్వకపోతే శీను తాడుకి మనిషి ఉండడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదు. ఆ మాట నించి నన్ను వదిలిపెట్టే హక్కు నీకుంది. నీకొక్కడికే ఉంది.

పిండం కాకి ముట్టిందా, బల్లి పలికిందా అని చూసే రకం కాదు నేను. తిన్నగా చెప్పు. మీ అక్క కల్లోకి తరచూ వస్తున్నావట, చెప్పి మురిసిపోతుంది. నా కల్లోకి రావడానికి నీకేం అడ్డం? రాకపోతే మీ అక్కకే చెప్పు, నేను నమ్ముతా. ఈసారి మాత్రం "చెయ్యి అలా అంది" అని తప్పించుకోకు. అవునో కాదో, ఒక్క ముక్క చాలు.

గురువారం పొద్దున ఏడింటికల్లా శీను దిగుతాడు. బుధవారం పొద్దు గుంకేలోపు నాకు జవాబు కావాలి.

నీ బావ,
వీరాస్వామి