గోనె రోడ్డు

జనవరి 6, సోమవారం

కోల్డ్ స్టోరేజ్ లెక్క ముగించి వచ్చాను. కొత్త మిరపకాయ ఇంకా రావడం లేదు. గోనెల్లో కట్టిన పాత టిక్కీలే బయటికి పోతున్నాయి.

మా అమ్మాయి సైమా గుంటూరు నుంచి ఫోన్ చేసింది. నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చిందట. రెండో ప్రపంచ యుద్ధానికి మన వైపు నుంచి వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు అందులో ఉన్నారట. నువ్వు ఎటూ మాట్లాడవు అబ్బా, ముత్తాత గురించి కనీసం రాయి అంది.

చూశాను. మెడల్స్ ఫోటోలు, యూనిఫాం ఫోటోలు. మా దగ్గర ఏదీ లేదు. ఉన్నది ఒక పేరు, ఒక వెక్కిరింపు.

జనవరి 8, బుధవారం

తెలిసింది ముందు ఇక్కడ రాసుకుంటాను. అక్కడ రాయడం తేలికవుతుందేమో.

అలీ సాహెబ్. మా అమ్మకు నాన్న. పత్తి ప్రెస్సులో బేళ్లకు గోనెపట్టా కుట్టేవాడు. 1943లో పట్టాళంలోకి పనివాళ్లను తీసుకుంటుంటే చేరాడు. నా చేతికి తుపాకీ ఇవ్వరు, దబ్బనమే ఇస్తారు, ఏడుస్తావెందుకు అని మా అమ్మమ్మతో అన్నాడట. అప్పుడు అమ్మకు నాలుగేళ్లు.

మరుసటేడు వాడరేవు మనిషి ఒకడు జబ్బు చేసి బర్మా వైపు నుంచి తిరిగొచ్చి కబురు చెప్పాడు. అలీ బాగున్నాడు, అక్కడ గోనెలతో రోడ్డు వేస్తున్నాడు, దాని మీద లారీలు పోతున్నాయి, విమానాలు కూడా దిగుతున్నాయి అని. ఊరంతా నవ్వింది. గోనె మీద విమానం దిగుతుందంట, చెప్పేవాడికి సిగ్గుండాలి అన్నారు. అలీ అక్కడెవరో బర్మా ఆమెను చేసుకున్నాడు, ఇంటికి రాకుండా ఉండడానికి ఈ కథ పంపాడు అన్నారు. ఆ తర్వాత కబురు లేదు. మనిషీ రాలేదు.

అప్పటినుంచి మాది గోనె రోడ్డోళ్ల ఇల్లు. బడిలో నన్ను అలాగే పిలిచారు. హమాలీల మేస్త్రీ పిచ్చయ్య ఇప్పటికీ పిలుస్తాడు. ఏరా గోనె రోడ్డూ, టీ తాగుదాం రా అంటాడు. వాడి నోట్లో అది వెక్కిరింపు కాదు, నా పేరే అయిపోయింది.

జనవరి 12, ఆదివారం

అక్టోబర్‌లో పడి కాలు విరిగినప్పటి నుంచి అమ్మ మంచం దిగలేదు. కాలు అతుక్కుంది, నడవచ్చు అని డాక్టర్ అన్నాడు. గుండె మాత్రం నీరసంగా ఉందన్నాడు. అమ్మ నడవనంటుంది. ఎక్కడికి నడవాలిరా అంటుంది.

ఈరోజు మధ్యాహ్నం కాళ్లకు నూనె రాస్తుంటే వాళ్ల నాన్న గురించి అడిగింది. నేను పోయాక అబ్బా ఆ లోకంలో ఉంటాడా, ఈ లోకంలోనే ఉండిపోతాడా అని.

ఏడాదికోసారి షబే బరాత్‌కు మా ఇంట్లో చనిపోయినవాళ్లందరి పేర్లూ చెప్పి ఫాతెహా ఇస్తాం. ఆయన పేరు ఎప్పుడూ చెప్పలేదు. బతికున్న మనిషిని చంపుతారా అని అమ్మమ్మ కోప్పడేది. అమ్మమ్మ పోయాక అమ్మ అదే పాటించింది. లెక్క వేస్తే ఆయనకు నూరు దాటి ఉంటుంది కదమ్మా అన్నాను. లెక్కలు నీకొచ్చు, నాకూ వచ్చు, పోయాడని ఎవరైనా ఒకరు వచ్చి చెప్పాలి కదరా అంది. ఎనభై ఏళ్లుగా ఎవరూ రాలేదు.

తర్వాత, బర్మాలో మిరపకాయలు దొరుకుతాయా అని అడిగింది.

జనవరి 13, సోమవారం

దొరుకుతాయట. ఫోన్‌లో చూసి చెప్పాను. సంతోషించింది.

జనవరి 19, ఆదివారం

గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాను. పేరు, ఊరు, గోనె కుట్టే పని, గోనె రోడ్డు, కబురు లేకపోవడం. పంపాక ఫోన్ బోర్లా పెట్టేశాను.

సాయంత్రం తీసి చూస్తే నవ్వే బొమ్మలు వచ్చి ఉన్నాయి. ఒకాయన, మా తాత కూడా ఇలాంటివి బాగా చెప్పేవాడండి అని రాశాడు.

నా భార్య సాజిదా చూసి, మీరు పెళ్లిలో కూడా ఇన్ని మాటలు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడి ఏం బావుకున్నారు అంది. టీ మాత్రం మామూలు కంటే చిక్కగా పెట్టింది.

జనవరి 27, సోమవారం

కొత్త కాయ మొదలైంది. గోడౌనంతా ఘాటు. రాయడానికి ఓపిక లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఎవరో లక్ష్మీకాంత్ గారట. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నారు. అంతకుముందు ఆర్మీలో ఇంజనీర్ల పట్టాళంలో చేసి రిటైరయ్యారట. గ్రూపులో నా నంబర్ చూసి ఫోన్ చేశారు. ఆయనే మాట్లాడారు. మధ్యలో ఆగి, ఉన్నారా హయాత్ గారూ, లైన్ కట్టయిందనుకున్నానండీ బాబూ, కనీసం ఊఁ అనండి అన్నారు. ఊఁ అన్నాను.

నవ్వినవాళ్లను వదిలేయండి, గోనె రోడ్డు నిజమండి, మా వాళ్లు వేసిందే, వచ్చే ఆదివారం రండి, చూపిస్తాను అన్నారు.

అమ్మకు చెప్పలేదు. చూశాకే చెప్పాలి.

ఫిబ్రవరి 3, సోమవారం

పిచ్చయ్య పిలిస్తే టీకి వెళ్లాను. ఏరా గోనె రోడ్డూ, మొహం వెలిగిపోతుంది, ఏంటి సంగతి అన్నాడు. ఏం లేదన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున బస్సులో మార్టూరు వెళ్లాను. యూనిట్ నిండా తెల్లని రాతి బురద. లక్ష్మీకాంత్ గారు భారీ మనిషి, గొంతు మిషన్ కంటే పెద్దది. కుర్చీ దులిపి కూర్చోబెట్టి కంప్యూటర్ తిప్పారు.

ఫోటో. వర్షం, బురద నేల. పెద్ద గోనెగుడ్డ చుట్టలు తారులో ముంచి నేల మీద పరుస్తున్నారు. ఒక పట్టా అంచు మీద ఇంకో పట్టా. మోకాళ్ల మీద వంగిన మనుషులు. ఇంకో ఫోటోలో అదే నేల మీద విమానం నిలబడి ఉంది.

బర్మా వైపు కంకర లేదండి, రాయి లేదు, వానొస్తే ట్యాంకులు కూడా కూరుకుపోయేవి, అప్పుడు మన ఇంజనీర్లు జనపనార గుడ్డను తారుతో కలిపి నేలకు రెయిన్‌కోటు తొడిగారు, దాన్ని బిటెస్ అనేవాళ్లు, ట్రైనింగ్‌లో మాకు చెప్పారు, బయట ఎవరికీ తెలీదు అన్నారు. చిరిగిన చోటల్లా రోజూ అతుకు వెయ్యాలి, మీ తాతలాంటి చెయ్యి లేకపోతే ఆ రోడ్డు రెండు రోజులు నిలవదండి అన్నారు.

వంగిన మనుషుల మొహాలు కనిపించవు. వీపులే. అయినా ఒక్కొక్క వీపూ చూశాను.

ఆయన ఏమయ్యాడో తెలుస్తుందా అని అడిగాను. అలీలు చాలామంది ఉంటారండి, ఆయన పట్టాళం నంబర్ తెలియకుండా ఏ అలీనో చెప్పలేను, మీకు అబద్ధం చెప్పను అన్నారు. వానల్లో మలేరియాకు ఆ పనివాళ్లు చాలామంది పోయారు, కొందరికి సమాధులు కూడా లేవు అని మెల్లగా అన్నారు. ఆ మాట అప్పుడు నా మనసుకెక్కలేదు. ఫోటో ఫోన్‌లోకి పంపించుకోవడంలో ఉన్నాను.

బస్సులో నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్నావిడ సీటు మారింది.

అమ్మకు చూపించాను. ఇది గోనేనా అంది. అవునన్నాను. దీని మీద విమానం దిగిందా అంది. దిగిందమ్మా అన్నాను. అయితే అబ్బా అబద్ధం చెప్పలేదు అంది. లేదమ్మా, ఊరే తప్పు అన్నాను. నా జీవితంలో అమ్మకు ఇంత మంచి కబురు తెచ్చింది లేదు.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అమ్మ ఫోన్ దుప్పటి మీద పెట్టేసింది. అయితే ఆ బర్మా ఆమె లేదు కదరా అంది.

అప్పుడు అర్థమైంది. ఊరు అన్న ఆ మాటలోనే అమ్మ ఆయన్ను బతికించి దాచుకుంది. అక్కడ ఆయనకొక చెక్క ఇల్లు, చేపల కూర వండే మనిషి, మిరపకాయలు. నాకు అక్కడ ఒక తమ్ముడు, పొడుగు జడ చెల్లెలు ఉంటారనుకున్నానురా, అబ్బా వాళ్లకు నా పేరు చెప్పి ఉంటాడనుకున్నాను అంది. అబద్ధాలాడేవాడైతే ఎక్కడో ఒకచోట బతికుంటాడు, నిజం చెప్పేవాడైతే ఇంటికి వచ్చుండేవాడు, రాలేదంటే రాలేకే కదా అంది.

ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి అంది కదా. నేనే వచ్చి చెప్పాను.

ఫిబ్రవరి 10, సోమవారం

అమ్మ పొయ్యి వెలిగించొద్దంది. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు వంట చేయం. ఈ మూడు రోజులు అబ్బావి అంది. సాజిదా నా వైపు చూసింది. గ్యాస్ కట్టేసింది.

ఫాతెహా చదివే అన్వర్‌ను పిలిపించింది. కుర్రాడు, అమ్మను అమ్మమ్మలా నానీ అంటాడు. పోయి ఎనభై ఏళ్లయింది కదా నానీ, మూడు రోజులు ఎప్పుడో దాటాయి అన్నాడు. కబురు నిన్న వచ్చింది నాయనా, నాకు నిన్ననే పోయాడు, నువ్వు పుస్తకం చూసి చెప్పు, నేను నా కడుపు చూసి చెప్తున్నా అంది. అన్వర్ టోపీ సర్దుకుని, అలాగే నానీ అన్నాడు.

లీవు పెట్టాను. ఎవరు పోయారని మేనేజర్ అడిగాడు. తాత అన్నాను. నా నెత్తి మీద తెల్ల జుట్టు చూసి ఇంకేమీ అడగలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

పక్కింటి కోటిరత్నం గారు పప్పు, అన్నం తెచ్చారు. అమ్మ కంటే పదేళ్లు చిన్న. చిన్నప్పుడు నేనూ అన్నాను జాన్‌బీ, గోనె రోడ్డని, ఇదిగో తిను అన్నారు. అమ్మ, పప్పులో ఉప్పు తక్కువైంది, నువ్వు ఎప్పటికీ నేర్చుకోవు అంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

పిచ్చయ్య వచ్చాడు. గుమ్మం దగ్గర పిలవబోయి ఆగాడు. నా పేరు వెతుక్కున్నాడు. చివరికి హయాతూ అన్నాడు. వాడి నోట్లో ఆ పేరు విని ఇంకెవరినో పిలుస్తున్నాడనుకున్నాను.

పాత పేరే పిలవరా అన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

షబే బరాత్. హల్వా చేశాం. సాయంత్రం మగ్రిబ్ నమాజ్ అయ్యాక అన్వర్ పేర్లు చెప్పమన్నాడు. నేనే చెప్పాలి. అమ్మమ్మ పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను. తర్వాతి పేరు దగ్గర ఆగి హల్వా గిన్నె సర్దాను. అన్వర్ చేతులు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మంచం మీద నుంచి అమ్మ అంది. అలీ సాహెబ్, గోనె రోడ్డు అలీ సాహెబ్ అని.

అన్వర్ అలాగే చెప్పి చదివాడు.

ఫాతెహా అయ్యాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. అబ్బా వెళ్లే రోజు నన్ను ఎత్తుకున్నాడు, మొహం గుర్తు లేదు, చొక్కాలో గోనె వాసన ఒక్కటే గుర్తు అంది. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. కొత్త గోనె, ఖాళీది, ఒకటి ఇంటికి తేగలవా అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

పిచ్చయ్యను ఒకటి అడిగితే మోపెడు తెచ్చాడు. కొత్త గోనెలు, ఇంకా కాయ తగలనివి. ఇద్దరం దబ్బనాలు పట్టుకుని విప్పి కుట్టాం, ఒక పట్టా అంచు మీద ఇంకో పట్టా. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా పరిచాం.

అమ్మ కాళ్లు కిందికి దించింది. నేను పక్కనే ఉన్నాను. పట్టుకోలేదు.