పంపులు ఆపిన మనిషి

బాలిగ్వల్, కిల్కెన్నీ కౌంటీ,
ఐర్లండ్.
9 నవంబర్ 2025, ఆదివారం.

జీవనన్నకు,

ప్రభువు పేర నీకు, వదినెకు, పిల్లలకు నా వందనాలు. మీరంతా మంచిగున్నరని అనుకుంటున్న. నేను బాగనే ఉన్న. ఇక్కడ ఎట్లున్నవని అడిగితే అందరూ గ్రాండ్ అంటరు. మా వార్డుల తుంటి ఎముక విరిగినోళ్లు గూడ అట్లనే అంటరు. నాకూ అదే అలవాటైంది.

ఆరేండ్లకు నా ఉత్తరం చూసి నువ్వు చింపి పారేసినా నేనేం అనుకోను. ఫోన్ చేద్దామని మూడుసార్లు నీ నంబర్ తీసిన. నువ్వు హలో అంటే తర్వాత ఏమనాల్నో తెల్వలేదు. అందుకే కాయితం పట్టిన.

నేను నర్సుగ పనిచేసే దవాఖాన కిల్కెన్నీ పట్నంల ఉంది. అక్కడి కిరాయిలు నాకు అందలేదు. మా డాక్టరు ఊర్మిళ గారు, వరంగల్ ఆమె, బస్సుల అరగంట దూరంల ఒక ముసలాయన ఇంట్ల మీది గదులు ఖాళీగున్నయని చెప్పింది. పోయి చూసిన. బస్సు దిగంగనే అది ఎసొంటి ఊరో గుర్తుపట్టిన అన్నా. బొగ్గు ఊరు. బొగ్గుబాయి మూతబడి యాభై ఏండ్లు దాటింది, అయినా కుప్పపోసిన నల్లమట్టి గుట్టలు అట్లనే ఉన్నయి, వాటి మీద గడ్డి మొలిచింది. ఒక్కటే తీరు ఇండ్లు, వరుసగ. దగ్గుకుంట నడిచే ముసలోళ్లు. ఇంత దూరమొచ్చి మళ్ల మన ఊర్లనే దిగిన అనుకున్న. నవ్వు రాలె, ఏడుపు రాలె. సామాను లోపల పెట్టుకున్న.

ఇంటాయన పేరు లెన్ ఆష్‌వర్త్. ఆయన ఈ దేశపోడు కాదు, ఇంగ్లండ్ ఆయన. విగన్ దిక్కు బాయిలల్ల ఫిట్టర్ పని నేర్చుకొని, ఇరవై ఒక్క ఏండ్లప్పుడు పడవెక్కి వచ్చిండట. ఇక్కడి బాయి పంపులు సరిజేయనీకి ఆర్నెల్ల పని. భోజనం పెట్టే ఇంట్ల బ్రీడా అనే పిల్ల ఉండె, ఆమెను పెండ్లి చేసుకున్నడు. ఆర్నెల్లు అరవై ఏండ్లైంది. ఆమె పోయి పదేండ్లు దాటింది. పిల్లల్లేరు.

నేను బొగ్గు ఊరుదాన్ని అని చెప్పంగనే ఆయన కుర్చీ ముందటికి జరుపుకున్నడు. మీ బాయి ఎంత లోతు, నీళ్లు ఎంత ఊరుతయి, పంపులు ఏ రకానివి అని ఒకటే అడుగుడు. నాకు తెల్వదు, మా అన్న పంప్ ఆపరేటర్ అని చెప్పిన. అప్పటిసంది ప్రతి ఆదివారం నిన్నే అడిగేటోడు. మీ అన్న ఎట్లున్నడు, ఫోన్ చేసిండా అని. మంచిగున్నడు, చేసిండు అని చెప్పేదాన్ని. నాలుగేండ్లు అట్లనే చెప్పిన.

ఈ ఊర్ల ఆయనను పేరుతోని పిలిచినోళ్లు తక్కువ. ఇంగ్లిష్‌వోడు అంటరు. ఎందుకో మొదట్ల నాకు తెల్వదు. దుకాణంల ఒకామె చెప్పింది. 1969ల బాయి మూసేస్తమని యజమాన్లు నోటీసు పెట్టిన్రట. ఊరోళ్లు, చర్చి ఫాదరు కలిసి కొనేటోళ్లను వెతుకుతున్నరు. పంపులు నడుస్తున్నన్ని రోజులు ఆశ ఉండె. పంపు బంద్ అయితే బాయి నిండుతది, ఇక ఎవరూ కొనరు. ఒక శుక్రవారం పంపులు ఆగినయి. ఇంగ్లిష్‌వోడు ఆపిండు అని ఆమె చెప్పింది. ఆమె అప్పటికి పుట్టనే లేదు.

ఆ తర్వాత ఏడాది దాకా ఊర్ల ఎవరూ ఆయనతోని మాట్లాడలేదు. బ్రీడా సొంత అన్న వాకిట్లకు రాలేదు. గేటుకు తారు పూసి వెళ్లిపో అని రాసిన్రు. ఆయన పోలేదు. ఇంటెనుక రేకుల షెడ్డుల బోరు పంపులు, బాయిలర్లు రిపేరు చేసుకుంట కూసున్నడు. దూరం ఊర్ల రైతులే వచ్చేటోళ్లట. ఒక ఎండాకాలం కరువొచ్చి బావులు దిగిపోయినయి, కాన్వెంటు పంపు కాలిపోయింది. వేరే ఫిట్టర్ దొరకలేదు. ఫాదరు తనే వచ్చి పిలిచిండు. అప్పటిసంది ఊరోళ్లు గూడ పని ఇచ్చిన్రు. చాయ్ మాత్రం వాకిట్లనే ఇచ్చేటోళ్లట.

ఈ సెప్టెంబర్ల ఆయన ఊపిరితిత్తులు పూర్తిగ పోయినయి. దవాఖానల ఉండనన్నడు. నేను డ్యూటీ చేసుకొని వచ్చి ఆక్సిజన్ చూసేదాన్ని, సూప్ తాగిపిచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం, బయట వాన, నేను ఆయన గోర్లు తీస్తున్న. పంపు నేను ఆపలేదు అన్నడు. అడగకముందే.

ఆపింది మిక్ బ్రెన్నన్ అట. ఆ షిఫ్టుకు పెద్ద. పదహారేండ్లు ఆ పంపుల దగ్గరనే పనిచేసిన మనిషి, ఈ ఊరోడే. ఆర్డరు కాయితం ఆయన పేరు మీదనే వచ్చింది. కింద వీళ్లిద్దరే ఉన్నరు. మిక్ స్విచ్ గుంజి, ఆ చప్పుడు ఆగేదాక నిలవడి, తర్వాత వాంతి చేసుకున్నడట. ఇద్దరు పైకి వచ్చిన్రు. బాయి మూతికాడ వందమంది నిలవడి ఉన్నరు. ఎవడు ఆపిండని ఎవరో అడిగిన్రు. మిక్ నేలకు చూసిండు. ఇంగ్లిష్‌వోడే అయ్యుంటడు అని ఇంకెవరో అన్నరు. మిక్ తల ఎత్తలేదు. నేను టోపీ పెట్టుకొని ఇంటికి నడిచిన అని లెన్ చెప్పిండు.

ఎందుకు చెప్పలేదని అడిగిన. మిక్‌కు ఐదుగురు పిల్లలు, వాళ్లు ఇక్కడనే బతకాలె, నేను ఎట్లాగూ బయటోన్నే అన్నడు. అదంతా సరే గానీ, ఆపింది నేనే అని ఒక్కసారి మిక్ నాతోని అంటడని ఎదురుచూసిన అన్నడు. ఊరికి చెప్పకున్నా సరే, నాకు ఒక్కనికి చెప్పినా సరిపోతుండె అన్నడు. ఒకసారి మిక్ ఇంట్ల బోరు పంపు చెడిపోతే ఆయన భార్య పిలిచిందట. రెండు గంటల పని. మిక్ పక్కనే టార్చి పట్టుకొని నిలవడ్డడు. వాన గురించి మాట్లాడిండు, ఆవుల గురించి మాట్లాడిండు. పని అయినంక థాంక్స్ చెప్పి లోపలికి పోయిండు. తర్వాత కొన్నేండ్లకు చచ్చిపోయిండు. ఇది చెప్పినంక లెన్ రెండో చెయ్యి ఇచ్చిండు. గోర్లు తీసిన.

పోయిన సోమవారం ఆయన పోయిండు. నేను పక్కనే ఉన్న. టైం రాసుకున్న, కండ్లు మూసిన, కిటికీ తెరిచిన. గురువారం మట్టిచేసినం. అనుకున్నదాని కన్న ఎక్కువ మందే వచ్చిన్రు. తర్వాత హాల్ల చాయ్, సాండ్‌విచ్‌లు. మిక్ బిడ్డ మేరీ, అరవై దాటినామె, నా కప్పుల చాయ్ పోసుకుంట, పనిమంతుడే పాపం, కానీ ఆ పంపులు ఆపకపోతే మా నాన్న ఇంకో పదేండ్లు బతికేటోడు అన్నది. కోపంగ అనలేదు. రోజూ అనే మాటలెక్క అన్నది.

అన్నా, ఆపింది మిక్ అని నాకు తెలుసు గదా. చెప్పాలని నోరు తెరిచిన. పాలు కొంచెం ఎక్కువ పొయ్యి అన్న.

ఇంటికొచ్చి కూసున్న. మూడు రోజులైంది. మన తమ్ముడు ప్రెయిస్ ముచ్చట ఈ ఆరేండ్లు నేను ఎవరితోని తియ్యలేదు. నీ పంపు ట్రిప్ అయి నలభై నిమిషాలు ఆగింది, నీళ్లు కింద పనిచేసేటోళ్ల మీదికి పోయినయి, తమ్ముడు అండ్ల పోయిండు. స్మశానంల అందరి ముందట వాన్ని నువ్వే సంపినవ్ అని నేను నిన్ను అన్న. నువ్వు పార అందుకొని మట్టి పోసినవ్. ఎంక్వయిరీల కరెంటు తప్పు అని తేల్చినా, నిన్ను పంపుల మీదికెల్లి తీసి బాయి పైన పనికి ఏసిన్రని, బస్తీల నిన్ను పెండ్లిండ్లకు పిలుస్తలేరని విన్న. విని ఊకున్న.

పిల్లల్ని అడిగినట్టు చెప్పు. వదినె మోకాళ్లకు కాల్షియం ఒక్కటే చాలదు, డాక్టరుకు చూపియ్యి.

నీ చెల్లె,
నవీన

తా.క. కవరు అంటించి మళ్ల చింపిన. నీళ్లొచ్చిన రోజు పొద్దుగాల ఆరింటికి ప్రెయిస్ మన బాయి దవాఖానల డ్యూటీల ఉన్న నా దగ్గరికి వచ్చిండు. ఒళ్లు కాలుతుండె. నూట రెండు జ్వరం, నేనే చూసిన. అక్కా, ఇయ్యాల బాయిల దిగలేను, సిక్ లీవు రాయించు అన్నడు. నాకు డ్యూటీ దిగే టైం. ఈ నెల ఇప్పటికే నాగాలు చానైనయి, హాజరు మస్టర్లు పోతయి, నాటకాలు బంద్ చెయ్ అని తిట్టిన. రెండు గోలీలిచ్చి పంపిన. సరే అక్కా అన్నడు. నీళ్లొచ్చినప్పుడు ఆనితోని ఉన్న ముగ్గురు ఉరికి బయటపడ్డరు. వాడొక్కడే ఎందుకు ఉరకలేదని అందరూ అడిగిన్రు. నేను నేలకు చూసిన. ఇది వదినెకు చదివి వినిపియ్యి. అమ్మకు వినిపియ్యి. చర్చిల నిలవడి చదివినా నాకు సమ్మతమే.