పిడికెడు బియ్యం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన అక్కుపల్లిలో ఇప్పటికీ రెండు గుడులే. ముంచి బాప్తిస్మమిచ్చేది మనది, నీళ్లు చిలకరించేది వాళ్లది. వండినప్పుడల్లా దేవుడి కోసం పిడికెడు బియ్యం కుండలో వేసి, ఆదివారం రెండు గుడులకూ పంచేదానివి. మన గుడి సంఘపెద్ద అయిన మావ ఎంత కసిరినా మానలేదు.

మొన్న వాళ్ల పాస్టరుగారు జ్వరంతో పడ్డారు. వాళ్లింట్లో గింజ లేదు. నేనూ పిడికెడు వేస్తూ వచ్చిన నీ కుండ ఎత్తుకుని బయల్దేరితే మావ అడ్డొచ్చాడు.

"ఎవుల్నడిగి పట్టుకెల్తన్నావే? మన గుడి మిషను దొరగారు ఒప్పుకోవాల గదా!"

"గంజి కాయడానికి దొరగారి సెలవేటి మావా?"

అయినా నా వెంటే వచ్చాడు. గంజి కాగేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, పాస్టరుగారి తల ఎత్తి పట్టుకుని తనే తాగించాడు.

"ఉప్పు సాల్నేదు, పట్రాయే!" అని కసిరాడు నన్ను, అచ్చం నిన్ను కసిరినట్టే.