నువ్వడిగిన పీసీ, నేను కొన్న కన్సోల్

మా ఇంటి నర్సమ్మకి,

ఇక్కడ నేనూ, మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వక్కడ వేళకి తిని, వేళకి పడుకుంటున్నావనుకుంటాను. నీ ఉత్తరం బుధవారం అందింది. ఆస్పత్రి కాంట్రాక్టుకి మరో రెండేళ్లు సంతకం పెట్టేశానని ఒక్క ముక్కలో తేల్చేసి, మన వీడియో ఆట సంగతి మాత్రం రెండు పేజీలు సాగదీశావు. నీ బుద్ధి నాకు తెలీదా? ఏడుపొచ్చినప్పుడే నీకు కబుర్లు ఎక్కువవుతాయి.

అడిగినవాటికి జవాబులు. వంటగది కుళాయి బాగు చేయించాను. మీ అమ్మకి కళ్లజోడు మార్పించాను, పాతదే నయమని సణుగుతోంది. ఇక అసలు ప్రశ్న. "ఆదివారాలు కలిసి ఆడుకుందామని నేనిక్కడ పీసీ కొనుక్కుంటే, నువ్వు కన్సోల్ మీద డబ్బెందుకు తగలేశావు?" అన్నావు.

పీసీ అంటే మాటలా! షాపతను ఒక్కో భాగం బల్ల మీద పేర్చి చూపించాడు. ఒక్క గ్రాఫిక్స్ కార్డు ధరకే కన్సోల్ వచ్చేస్తుంది. "ఇవన్నీ బిగించాక మానిటర్ వేరే కొనాలి సార్" అన్నాడు. కన్సోల్‌కి ఆ గోల లేదు, టీవీకి తగిలించి కాళ్లు బార్లా చాపుకుని ఆడుకోవడమే. కాకపోతే ఆటలు కొనేసరికి తడిసి మోపెడవుతుందట, పీసీలో అవే ఆటలు చవగ్గా దొరుకుతాయట. అదీ అతనే చెప్పాడు.

మనిద్దరం కోట కట్టుకున్న ఆ ఆటలో పీసీవాళ్లు పీసీవాళ్లతోనే, కన్సోల్‌వాళ్లు కన్సోల్‌వాళ్లతోనే కలవగలరని నాకు తెలీదని పోయిన ఉత్తరంలో రాశాను. నువ్వు "మొద్దు మొగుడా" అని తిట్టి, ఈ ఉత్తరంలో మళ్లీ అదే అడిగావు.

అది అబద్ధం. షాపతను రెండుసార్లు చెప్పాడు. తెలిసే కొన్నాను.

నాలుగు నెలల కిందట వర్క్‌షాపులో ప్లైవుడ్ కోస్తుంటే రంపం మిషన్ కింద నా ఎడమ బొటనవేలు పోయింది. మొదలంటా పోయింది. ఫోన్‌లో నీకు కనిపించినప్పుడల్లా ఆ చెయ్యి జేబులో దాచుకున్నాను. నీకు చెప్పొద్దని మీ అమ్మచేత ఒట్టు వేయించుకున్నాను. మేస్త్రీ నన్ను మిషన్ దగ్గరికి రానివ్వడం లేదు, చీపురిచ్చి రంపపు పొట్టు ఊడవమన్నాడు. జీతం సగమైంది. నీతో ఆడితే ఐదు నిమిషాల్లో పసిగట్టేస్తావు. పన్నెండేళ్లు పక్కన కూర్చుని ఆడినదానివి, నా బొమ్మ ఒక్క అడుగు తడబడితే "ఏమైంది నీకు?" అంటావు. ఏమైందో తెలిస్తే సంతకం పెట్టకుండా వచ్చేస్తావు. అప్పుడు ముగ్గురం ఏం తినాలి? అందుకే నీ దానితో కలవని పెట్టె కొన్నాను. ఈ మాట ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

నిన్న వారంటీ కాగితం కోసం షాపుకి వెళ్తే అతను నా చెయ్యి చూశాడు. "అయ్యో సార్, కన్సోల్ రిమోట్ మీద బొమ్మని నడిపించేదే ఎడమ బొటనవేలు కదా! కీబోర్డయితే మిగతా వేళ్లతో లాగించేయొచ్చు. కొన్నప్పుడే చెబితే పీసీయే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. కొన్న రోజు కూడా చెయ్యి జేబులోనే ఉందాయె. వాపసు తీసుకోరట. ముందు నవ్వొచ్చింది. తర్వాత వాళ్ల మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

పీసీ కొనమని డబ్బు పంపకు. ఇప్పుడు పీసీ వచ్చినా నువ్వు ఆట చూడవు, నా చెయ్యే చూస్తావు. పరుగెత్తుకు రావాలన్నా రాలేవు, ఆ సంతకం నేనే పోరు పెట్టి చేయించాను. నాకు నువ్వు కావాలి. ఆ మాట రాసి మాత్రం ఏం లాభం?

మీ హాస్టల్లో పీసీ ఉన్నవాళ్లెవరైనా ఉంటే, కోటలో నా చోటు వాళ్లకిచ్చెయ్యి. ఆదివారాలు నా కోసం కాచుక్కూర్చోకు.

ఇట్లు,
నీ మొద్దు కాని మొగుడు