మొలతాడు పట్టిన చొక్కా

నంద్యాల, 17-8-57

అమ్మకు మద్దిలేటి దండాలు. ఒంట్లో బాగుంది, తిండికి లోటు లేదు.

పంద్రాగస్టు కవాతుకు ముందురోజు సెల్యూట్ కొట్టగానే నా చొక్కా నిక్కరులోంచి పైకి లేచొచ్చింది. "ఏందప్పా, పోలీసువా, మడక దున్నేటోడివా?" అని హవల్దారు అందరి ముందూ తిట్టాడు. మా బట్టలు కుట్టే మదార్ సాహెబ్ చొక్కా అంచుకు రెండు నాడాలు కుట్టి, నా మొలతాడుకు ముడేశాడు. "ఇంగ యాడికి పోతాదో చూస్తా" అన్నాడు. కవాతు అయ్యేదాకా చొక్కా కదల్లేదు. ఆ మొలతాడే తెంపేస్తానని నీతో పోట్లాడాను, మనసులో పెట్టుకోకు.

జొన్నచేలో కలుపు తీశారా? నాయన దగ్గు ఎట్లుంది? ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఆదినారాయణన్నతో గట్టి మొలతాళ్లు రెండు పంపు.

నీ కొడుకు,
మద్దిలేటి

రెండోది హవల్దారుకు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.