మడిచీర ఆరేసిన ఏడో వరుస

తొండియార్‌పేట, మద్రాసు
హేవిళంబి, ఆషాఢం
(1957 జూలై)

చిరంజీవి వెంకటకృష్ణకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, కోడలు కుముదినీ, నువ్వు పోయేటప్పుడు నాటిన కరివేపాకు మొక్కా ముగ్గురం కులాసా. మా ఇద్దరికన్నా మొక్కే ఏపుగా ఉంది. నీ ఓడ ఏ రేవులో ఆగితే ఆ రేవు నుంచి నీ క్షేమం రాస్తూ ఉండు. ఏడెన్‌లో వేసిన ఉత్తరం మొన్న చేరింది. అందులో నువ్వు రాసిన ప్రశ్నలకు వరసగా జవాబు చెబుతాను.

నా మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప ఊరుకుంటున్నది. నువ్వు అడిగిన చింతకాయ తొక్కు ఇప్పుడెక్కడ దొరుకుతుందిరా, చింతచెట్టు నీ ఓడ వచ్చే వేళ చూసి కాయదు కదా. మాగాయ పెట్టి ఉంచాను. కొళాయి నీళ్ళు తెల్లవారే ముందే వచ్చి, మనం లేచేసరికి పోతున్నాయి. బొంబాయిలో నీకు ఒడ్డు ఉద్యోగం ఖాయమైందని, శ్రావణానికి కుముదిని ఇక్కడి పని వదిలేసి అక్కడికి వచ్చేటట్టు నెమ్మదిగా చెప్పి ఒప్పించమని చైత్రంలోనే రాశావు. ఆ మాట ఏమైందని ఈ ఉత్తరం చివర మళ్ళీ అడిగావు. చివర అడిగినదానికి జవాబూ చివరే.

“ఆ తీగల పొలంలో రోజంతా అది చేసేదేమిటమ్మా?” అని కూడా అడిగావు. ఓడలో రోజంతా వైర్‌లెస్ చెవులకు తగిలించుకుని కూర్చునేవాడివి, నువ్వే అడిగితే ఎట్లా? సరే, నాకు అర్థమైనంత చెబుతాను. తప్పులుంటే నవ్వుకో, దిద్దకు.

నువ్వు వినేవి మనుషులు పంపే కబుర్లు. కుముదిని వినేవి ఎవరూ పంపనివి. సూర్యుడి నుంచీ నక్షత్రాల నుంచీ కూడా రేడియో అలలు వస్తాయట. మన వీధి దాటి ఉత్తరంగా పోతే ఉప్పుగాలి తగిలే ఇసక నేల ఉందే, అక్కడ సరుగుడు గుంజలు పాతి, చెయ్యెత్తితే వేళ్ళకు అందే ఎత్తున రాగితీగలు కట్టారు. వరస వెనక వరస. ప్రతి తీగ నుంచీ ఒక నల్లటి కేబులు పొలం నడుమ ఉన్న రేకుల షెడ్డులోకి పోతుంది. ఆ కేబుళ్ళు తెచ్చిన కబుర్లన్నీ అక్కడ కలిస్తే, ఒక పెన్ను దానంతట అది కదిలి కాగితం మీద గీత గీస్తుంది. తీగ ఎంత పొడవుండాలో, ఏ తీగకు ఏ తీగ ఎంత ఎడంలో ఉండాలో లెక్క కట్టేది నీ పెళ్ళామే. లెక్క కట్టి ఊరుకోదు. రవ్వంత పొడుగ్గా కట్టి, షెడ్డులోకి పోయి కొలిచి, బయటికొచ్చి చిటికెడు కత్తిరించి, మళ్ళీ కొలుస్తుంది. “కోసేస్తే అతకదత్తా” అంటుంది. నీకు చిన్నప్పుడు నేను నిక్కర్లు కుట్టిందీ అట్లాగే కదా, ముందు వదులుగా కుట్టి తర్వాత నీ నడుముకు సరిచేసేదాన్ని. ఆ మాట చెబితే “అదే అత్తా పని, అంతే” అంది. నాకెంత గర్వంగా అనిపించిందో నీకేం తెలుస్తుంది.

ఎండ నెత్తికెక్కినా అన్నానికి రాదని నేనే రోజూ కారియర్ పట్టుకుని పోవడం మొదలుపెట్టాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

మీ నాయన పోయిన దగ్గర్నుంచి నా మడి పట్టింపు ఎంతో నీకు తెలుసు. మన పెరటి దండెం కిందే పక్కవాటావాళ్ళ పిల్లల ఆటలన్నీ. నేను కర్రతో ఎత్తి మడిచీర ఆరేయడం, వాళ్ళు బంతి కోసం గెంతి తాకడం. రోజూ ఇదే రామాయణం. తీగల పొలంలో చూస్తే ఎత్తుగా, బిగువుగా, పొడుగ్గా కట్టిన తీగలు. కాపలా కుప్పుసామి కాకిని కూడా వాటి మీద వాలనివ్వడు. ఎవరూ తాకరు, తాకనివ్వరు! మద్రాసు పట్నంలో ఇంతకు మించిన మడి ఇంకెక్కడుంది చెప్పు? తడిచీర బకెట్లో పెట్టుకుని పోయి, షెడ్డుకు దూరంగా ఉన్న ఏడో వరస మీద కర్రతో ఆరేశాను. సముద్రపు గాలికి అన్నం వేళకల్లా పెళపెళలాడింది. కుముదిని షెడ్డులోంచి బయటికి రాకముందే కర్రకు చుట్టి తెచ్చేసుకున్నాను. కుప్పుసామి చూశాడు. ఆఫీసరమ్మ అత్తగారు కదా అని నోరు మూసుకున్నాడు.

ఇట్లా కొన్నాళ్ళు గడిచింది. కుముదిని ఇంట్లో పరధ్యానంగా ఉంటున్నది. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. “ఏంది పిల్లా?” అని అడిగితే, “ఏడో వరస నాతో ఆడుకుంటా ఉండాదత్తా. పొడుగెక్కువైందని అంగుళం కోస్తిని. మర్నాడు చూస్తే పొట్టిదైపోయుండాది” అంది. ఆ మర్నాడు ఏకాదశి. నేను పొలానికి పోనేలేదు, చీర ఆరేయనేలేదు. అయినా నా మట్టిబుర్రకు తట్టితేనా! “దిష్టి తగిలుంటాది, నిమ్మకాయ కట్టు” అన్నాను.

ఒకనాడు మామూలు కంటే ముందుగా బయటికొచ్చింది. వెనకే వాళ్ళ పై ఆఫీసరు భక్తవత్సలం. నా తొమ్మిది గజాల చీర ఏడో వరస మీద జెండాలాగా ఎగురుతున్నది.

“అడ కడవుళే! దేవుడా! ఏందమ్మా ఇది? గవర్మెంటు ఏరియల్ మీద చీరా!” అని ఆయన చెయ్యి చాచి లాగబోయాడు.

“మడిచీర నాయనా, తాకబాకు!” అని అరిచాను. తప్పు చేసినదాన్ని నేను, కేకలు కూడా నావే.

కుముదిని నా మొహం చూసింది, చీరను చూసింది, తీగను చూసింది. ఇక నన్ను ఏమంటుందో అనుకున్నాను. నేను కోడలిగా ఉన్న రోజుల్లో మీ నాయనమ్మ, తన చీరకు నేను పసుపు మరక అంటించినందుకు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఈ పిల్ల ఏమందో తెలుసా?

“అత్తా, తియ్యబాకండి. అట్నే ఉండనీండి. తడి తగిలితే తీగ ఎంత పొడుగైనట్టు చూపిస్తాదో ఇంతవరకు ఈడ ఎవురూ కొలవలా. దసరా దాటినాక ఐప్పసి నెల వానలకు అన్నీ తడిసేదే గదా. ఇప్పుడే తెలిసిపోతాది!”

అని షెడ్డులోకి పరుగు. చీర కారుతున్నప్పుడు ఒకసారి, చెమ్మగా ఉన్నప్పుడు ఒకసారి, అంచు మాత్రమే తడిగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి కొలిచింది. నన్ను మళ్ళీ తడిపి మళ్ళీ ఆరేయమంది! కుప్పుసామి నీళ్ళు తోడితే మడి పోతుందని నేనే తోడుకున్నాను. భక్తవత్సలం తల పట్టుకుని గుంజ పక్కన కూలబడ్డాడు. ఆ మరుసటి వారం కుముదిని మిగిలిన సరుగుడు గుంజలు రెండు తీసుకుని, తీగలకు బాగా ఎడంగా పాతి, వెదురు కట్టి, నా మడికంటూ ఒక దండెం వేసింది. భక్తవత్సలం దానికి “తాకరాదు” అని బోర్డు రాయించాడు. పాపం, మంచివాడే.

కోడళ్ళను మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని మనవాళ్ళంటారు. ఎక్కనీ, నా నెత్తికేం బరువు కాదు. ఇంతకన్నా గొప్పది చెబుతాను విను.

జ్యేష్ఠంలో వాళ్ళకు ఒక పండగ లాంటిది వస్తుంది. వృషభరాశిలో తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక నక్షత్రం పగిలిందట. దాని ముక్కల నుంచి ఇప్పటికీ రేడియో అలలు వస్తూనే ఉన్నాయట. ఏడాదికొకసారి, జ్యేష్ఠంలో, సూర్యుడు దాని పక్కగా పోతాడు. అప్పుడు దాని గొంతు తగ్గుతుంది, సూర్యుడు దాటిపోయాక మళ్ళీ పెరుగుతుంది. అంటే సూర్యుడి చుట్టూ మన కంటికి ఆనని పొగ ఎంతో దూరం పరుచుకుని ఉందన్నమాట. ఎంత దూరం అనేది ఆ గొంతు తగ్గడాన్ని బట్టి చెప్పాలి. నేను రోజూ నీళ్ళొదిలి దణ్ణం పెట్టే సూర్యనారాయణమూర్తి కట్టుకున్న బట్ట ఎంత పెద్దదో ఈ పిల్ల కొలుస్తున్నది! విన్ననాడు నాకు ఒళ్ళు జలదరించింది.

దానికి ముందు, సరిచూసుకోవడానికి సూర్యుడినే విన్నారు. నడినెత్తికి వచ్చినప్పుడు పెన్ను పైకి లేవాలి. ముందే లేచింది. గడియారం తప్పన్నాడు భక్తవత్సలం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు రెండు గడియారాలు మార్చాడు. కుముదిని మాత్రం “గడియారం సరిగ్గానే ఉండాది సార్. మన పొలానికే మెల్లకన్ను” అంది. కేబుళ్ళన్నీ టేపు పెట్టి సమానంగా కోసినవే. కాని అవి యుద్ధంలో మిగిలిన సరుకు, రెండు రకాలు కలిసిపోయాయి. పొడవు ఒకటే అయినా ఒక రకంలో కబురు చురుగ్గా పోతుంది, ఇంకోదానిలో తాపీగా పోతుంది. అందుకని పొలం నేరుగా చూడక పక్కకు చూస్తున్నది. ఒక్కో కేబులూ ఊడదీసి, టేపుతో కాదు, కబురు పోయి వచ్చే కాలంతో కొలిచి కోసింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. అన్నం నేనే కలిపి పెట్టాను. ఆ తర్వాత సూర్యుడు నడినెత్తికి వచ్చాడో లేదో, పెన్ను ఠక్కున లేచింది. భక్తవత్సలం లేచి నిలబడి ఆ పిల్లకు నమస్కారం పెట్టాడు. నా కళ్ళతో చూశాను.

నక్షత్రం గొంతు రోజురోజుకూ తగ్గడం చక్కగా గీతలో పడింది. ఇక పెరగడం చూడాలి. సరిగ్గా అప్పుడే సూర్యుడికి కోపం వచ్చింది. ఈ ఏడు ఆయన మహా ఉగ్రంగా ఉన్నాడట. రోజుల తరబడి ఒకటే హోరు, పెన్ను పై అంచుకు కొట్టుకుని దిగనేలేదు. హోరు తగ్గేసరికి నక్షత్రం మామూలు గొంతుకు వచ్చేసింది. పోవడం చూశారు, రావడం చూడలేదు. మళ్ళీ వచ్చే జ్యేష్ఠమే.

ఒకనాడు షెడ్డులో నేను వడ్డిస్తుండగా భక్తవత్సలం అడిగాడు. “వచ్చే ఏడు ఈ దినాలకు మీరు ఈడ ఉంటారా కుముదినీ? ఉంటేనే ఈ పొలం పెట్టుకునేది. లేకుంటే పైవాళ్ళకు రాసేసి గుంజలు పీకించేదే. ఇంకొకరికి ఇది కుదరదు.”

కుముదిని తల వంచుకుని అన్నం మెతుకులు ఏరుతున్నది.

“ఉంటాదయ్యా. ఏడకు పోతాది?” అన్నాను నేను, గరిటె చేతిలో పట్టుకుని.

అదిరా నాయనా, నీ చివరి ప్రశ్నకు జవాబు. నువ్వు నాకు అప్పగించిన మాట నేను ఆ పిల్లతో చెప్పలేదు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది, జ్యేష్ఠమూ పోయింది. “చెబుతున్నాను, చెబుతున్నాను” అని నీకు రాస్తూ వచ్చాను కాని నోరు తెరవలేదు. పైగా అది ఉంటుందని ఆ ఆఫీసరుకు మాట ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తున్నాము. కుముదిని ఖాళీ కారియర్ నా చేతిలోంచి తీసుకుంది.

“అత్తా, మీకు ఆయన ఏం రాసినారో నాకు తెలుసు. నాకూ రాసినారు, అమ్మ చెప్తాది విను అని.”

“మరి నన్ను అడగలేదేందే?”

“మీరు చెప్పుంటే పోయుందును. మీ మాట కాదని ఉండేదాన్ని కాదు. అందుకే పొద్దున లేస్తానే దేవుడికి మొక్కుకుంటా ఉంటి, ఈరోజు అత్త నోట ఆ మాట రాకూడదని.”

నడివీధిలో నా కళ్ళు ధారలు కట్టాయి. మూడు నెలలు ఒక గిన్నెలో అన్నం తింటూ, ఇద్దరం ఒకే మాట దాచుకుని తిరిగాము.

నీ మీద నాకు కోపం లేదు. భార్య దగ్గరుండాలని కోరుకోవడం తప్పు కాదు. బొంబాయి ఉద్యోగంలో చేరు, మంచిదే. సెలవు దొరికితే రా, పొలం చూడు. లోపలికి పోయాక తీగలను మాత్రం తాకకు, ఆ పిల్ల ఒప్పుకోదు. పెన్ను గీసే గీత చూశాక కూడా పని మానెయ్యమని నీకు అనిపిస్తే, నువ్వే నీ నోటితో చెప్పుకో. నేను చెప్పను.

ఒక్క సంగతి. మీ నాయన పోయిననాడు నువ్వు నడిసముద్రంలో ఉన్నావు. వైర్‌లెస్ కుర్చీ వదిలితే ఓడంతటికీ చెవులు పోతాయమ్మా, రాలేను అని తంతి కొట్టావు. కొరివి మీ చిన్నాన్న పెట్టాడు. ఆరోజు గాని, ఆ తర్వాత గాని నేను నిన్ను ఒక్క మాట అన్లేదు, గుర్తుందా? కొన్ని కుర్చీలు వదలకూడనివి ఉంటాయని నాకు నేర్పినవాడివి నువ్వే. నా ఇంట్లో అట్లాంటి కుర్చీ ఇప్పుడు ఇంకొకటి ఉంది. ఆమెనూ నేను ఏమీ అనను.

ఇట్లు,
రేవు వైపు చూస్తూ ఉండే,
మీ ఇద్దరి అమ్మ
తాయారు