నీ ఫొటో సంగతి

సంత్రాగాఛి

చెల్లెలు నీరజకు అన్నయ్య దీవెనలు.

ఇక్కడ హనుమయ్య బాబాయి, సత్యవేణి పిన్ని కులాసా. నేనూ కులాసాయేనని రాయాలి గనక రాస్తున్నాను. ఫోన్ చేయవేమని కోప్పడ్డావు. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేను.

నేరుగా ఇంటికి రాకుండా కలకత్తా ఎందుకెళ్లావని అడిగావు. ఉద్యోగమని తీసుకెళ్లి మయన్మార్‌లో మమ్మల్ని బంధించిన చోటు నుంచి విడిపించి, ప్రభుత్వం విమానంలో ఢిల్లీ చేర్చింది కదా. అక్కడ ఏ ఊరికి టికెట్ కావాలని అడిగారు. బాబాయి వాళ్లుండే ఈ హౌరా అన్నాను. నీ ముఖం చూడలేక.

పిన్ని రోజూ చేపలు వండి, "ఏటిరా, అలా చిక్కిపోనావు? తిను" అంటుంది. బాబాయి నన్ను తన రైల్వే స్నేహితులకి చూపిస్తున్నాడు. అభిజిత్ దాదా అని (ఇక్కడ అన్నని దాదా అంటారు) ఒకాయన నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాకు చేతులు లాక్కోవాలనిపించింది.

అక్కడ ఏం పని చేయించారన్నావు. గదులు ఊడ్పించారని అందరికీ చెప్పాను. అబద్ధం. ఫోన్లో ఆడపిల్లలా రాసి, తెలుగువాళ్లని నమ్మించి డబ్బు లాగడం నా పని. ఆ ఆడపిల్లకి ఒక ముఖం కావాలన్నారు. నీ ఫొటో ఇచ్చాను నీరజా. కాలేజీ వార్షికోత్సవం నాడు పచ్చచీరలో నేనే తీసినది.

కొట్టిన మాట నిజమే. కానీ ఫొటో ఇచ్చింది దెబ్బలకి కాదు. బాగా పనిచేస్తే ఫ్యానున్న గది ఇస్తామన్నారు. దానికి ఇచ్చాను.

ప్రవీణ్‌కుమార్ అనే అతను ఆ ఫొటో వాళ్లమ్మకి చూపించాడు. "మా అమ్మకి మీరు బాగా నచ్చారండీ" అని రాశాడు. ఆ వారమే వాళ్లకున్నదంతా పంపించుకున్నాను.

నిన్న బాబాయికి చెప్పేశాను. ముందు నీ గురించే అడిగాడు.

"ఆ పిల్లకి తెలుసేటి?"

"తెలీదు బాబాయ్."

"ముందు దానికి రాయి. రేపు ఠాణాకి ఎల్దాం. నానూ వస్తాను."

ఇది నీకు అందేసరికి అక్కడ అంతా చెప్పేసి ఉంటాను. పోలీసులు నీకు ఫోన్ చేయొచ్చు. ఫొటో ఎవరిచ్చారంటే నా పేరు చెప్పు. అమ్మ ఏడుస్తుందని దాచకు. ఎవరైనా నిన్ను గుర్తుపట్టి నిలదీస్తే, తిట్టాల్సింది నన్నని చెప్పు.

ఇంటికి రమ్మని మాత్రం ఇప్పుడే రాయకు. నువ్వు రమ్మంటే ఆగలేను, సిగ్గులేకుండా వచ్చేస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య
లలిత్